ఫొటోలో నలుపు, పెట్టెలో ఎరుపు: లంబాడీ ఫేటియా కుడుతున్న డైరీ

ఆగస్టు 3

నాలుగు నెలలుగా కంప్యూటర్లో పడి ఉన్న ఫొటోని ఇవాళ మళ్ళీ తెరిచాను. పాత ఫొటోలు సేకరించే ఒక పరిచయస్థుడు స్కాన్ చేసి ఇచ్చాడు. క్యాబినెట్ కార్డు అంటారు దీన్ని. నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు ఉన్న మందపాటి అట్ట, దాని మీద అతికించిన పల్చటి ప్రింటు. అందులో ఒక లంబాడీ స్త్రీ నిలబడి ఉంది. వెనక తెర మీద ఎవరో గీసిన ఇంగ్లీషు తోట: ఒక స్తంభం, రెండు మెట్లు, ఒక పూలకుండీ. కింద నేల మీద మాత్రం మామూలు తాటాకు చాప. తెర కింది అంచు చాప మీదికి ముడతలు పడి ఉంది, దాన్ని దాచాలని కూడా ఎవరికీ తోచలేదు.

అట్ట వెనక పెన్సిలుతో ఇంగ్లీషులో 'లంబాడీ ఆడమనిషి' అని రాసి ఉంది. అంతే. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. స్టూడియో ముద్ర ఉన్న చోట అట్ట చెదలు తిన్నది.

డిసెంబరులో మా కాలనీ లైబ్రరీలో చిన్న ప్రదర్శన పెడుతున్నాం. ఈ ఫొటో పక్కన ఆమె కట్టుకున్న దుస్తుల్ని అదే కొలతతో కుట్టి నిలబెట్టాలని నా ప్లాన్. కింద కుచ్చిళ్ళ పావడా, అంటే ఫేటియా. పైన వీపు లేని రవిక, కాంచళి. తల మీంచి జారే పొడుగాటి ఓణీ, టుక్రి. ఇవి కాక వెండి, గవ్వలు, గాజులు. నాకు కుట్టుపని సగమే వచ్చు. మిగతా సగం వదిన చేతిలో ఉంది. "నువ్వు చెప్పు, నేను కుడతా. మళ్ళీ విప్పమనకు" అన్నది ముందే.

ఆగస్టు 10

విప్పమన్నాను.

ఫొటోలో ఫేటియా చాలా ముదురుగా ఉంది, దాదాపు నలుపు. ముదురు నీలం అయి ఉంటుందని నిశ్చయించుకుని మీటరు 120 చొప్పున 8 మీటర్ల నూలు గుడ్డ తెచ్చాను. వదిన రెండు రోజుల్లో నడుము పట్టీ వేసి, బొందు ఎక్కించి, కుచ్చిళ్ళు పెట్టేసింది. మనిషి బొమ్మకి తొడిగి, ఫొటోని పెద్దది చేసి పక్కన పెట్టి చూస్తున్నాం. అప్పుడు ఆమె ఒక మాట అడిగింది.

"ఇక్కడ అతుకు ఉంది చూడు. అటూ ఇటూ ఒకే రంగు. ఒకే రంగు గుడ్డయితే మధ్యలో అతుకెందుకు వేస్తారు? అదీ వంకీలు వంకీలుగా?"

నిజమే. మోకాలికి కిందుగా పావడా చుట్టూ రంపపు పళ్ళలాంటి అతుకు తిరుగుతోంది. కుట్టు కనపడుతోంది, నీడ కనపడుతోంది. రంగులో తేడా మాత్రం లేదు. ఇంత శ్రమపడి, ఇన్ని మూలలు తిప్పి, నల్ల గుడ్డకి నల్ల గుడ్డ అతికే దర్జీ ఎవరూ ఉండరు. నేను 4 నెలలు చూసిన ఫొటోలో నాకు తట్టనిది, కుట్టే మనిషికి 10 నిమిషాల్లో తట్టింది.

ఆగస్టు 16

వారమంతా దీని మీదే ఉన్నాను. విషయం రసాయనంలో ఉంది.

మన కన్ను చూసినట్టు పాత గాజు ఫలకం చూడదు. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో ఫలకం మీది వెండి లవణాలు నీలి కాంతికీ, దానికన్నా అవతల మన కంటికి కనపడని అతినీల కాంతికీ మాత్రమే స్పందిస్తాయి. ఎరుపు, పసుపు వాటికి చీకటితో సమానం. 1871లో మొదలై తర్వాత ఊరూరా వాడిన పొడి జెలటిన్ ఫలకాలు కూడా మొదట్లో ఇంతే. 1873లో ఒక జర్మన్ శాస్త్రవేత్త, హెర్మన్ ఫోగెల్, రంగు అద్దకాలు కలిపితే ఫలకం ఆకుపచ్చని కూడా పట్టుకుంటుందని కనిపెట్టాడు. ఎరుపుని సైతం చూడగల ఫలకాలు బజారులోకి వచ్చింది 1906లో. అవి మామూలు స్టూడియోలకు చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంటే మన అమ్మమ్మల అమ్మమ్మల ఫొటోల్లో ఎరుపు ఎక్కడున్నా అది నలుపుగానే పడుతుంది. కుంకుమబొట్టు నల్ల చుక్క. తాంబూలం వేసుకున్న పెదవులు నల్లని గీత. పసుపు రాసుకున్న ముఖం ఉన్న చాయ కన్నా రెండు మెట్లు నల్లగా దిగుతుంది. గోధుమవన్నె చర్మానికీ ఇదే గతి, ఎందుకంటే చర్మం వెనక్కి పంపే వెలుతురులో ఎరుపు పాలే ఎక్కువ. ఆ ఫొటోలు ముందు పెట్టుకుని మనుషుల మేనిఛాయల గురించి పేజీలు పేజీలు రాసిన దొరలు ఈ సంగతి తలుచుకున్నట్టు కనపడదు.

చదివి ఊరుకోకుండా పరీక్ష పెట్టాను. డిజిటల్ కెమెరా ప్రతి బొమ్మనీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా దాస్తుంది. ఫొటోలు దిద్దే ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా నీలి పొరని ఒక్కదాన్నీ విడిగా చూడొచ్చు. పాత ఫలకం చూపుకి అది దగ్గరి చుట్టం. అతినీల కాంతిని కెమెరా పట్టుకోదు కాబట్టి అచ్చం అదే కాదు, నా పనికి చాలు.

ఒక తెల్ల అట్ట మీద గుడ్డముక్కలు పేర్చి, ఎండలో ఫొటో తీసి, నీలి పొరలో ఒక్కోటీ ఎంత వెలుగుగా ఉందో చూశాను. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. తెల్ల గుడ్డ 232. నీలిమందు మధ్యరకంగా పట్టిన గుడ్డ 148. ఎర్ర గుడ్డ 41. పసుపులో ముంచిన గుడ్డ 29!

పసుపు ముక్క మామూలు కంటికి ఆ అట్ట మీద తెలుపు తర్వాత అన్నిటికన్నా వెలుగ్గా ఉంది. నీలి పొరలో అదే అన్నిటికన్నా నలుపు. ఎరుపునీ పసుపునీ పక్కపక్కన అతికి చూస్తే రెంటికీ తేడా తెలియలేదు. మధ్యలో అతుకు మాత్రం స్పష్టంగా కనపడింది. వదినని పిలిచి చూపించాను. "అయితే నా 8 మీటర్లు?" అన్నది. ముదురు నీలం పావడా ఇప్పుడు బీరువా మీద ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

ఇంకోటి కూడా తేలింది. వెండి నీలి కాంతిని బాగా తిప్పికొడుతుంది, బంగారం మింగేస్తుంది. ఫొటోలో మెడకి ఉన్న కంటె తెల్లగా మెరుస్తోంది, ముక్కుకి ఉన్నది నల్లగా ఉండి, ఒక్కచోట మాత్రం తళుక్కుమంటోంది. కంటె వెండిదనీ, ముక్కుది బంగారమో ఇత్తడో అనీ నోట్సులో రాసుకున్నాను.

ఆగస్టు 24

దేవరకొండ వైపు ఒక తండాకి వెళ్ళొచ్చాం. తీజ్ రోజులు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, 9 రోజులు నీళ్ళు పోసి పాటలు పాడే పండుగ. పాత దుస్తులు పెట్టెల్లోంచి బయటికి వచ్చేది ఇప్పుడేనని తెలిసినవాళ్ళు చెబితే ఈ వారమే పెట్టుకున్నాం.

మమ్మల్ని కూర్చోబెట్టిన పెద్దావిడకి 80 దాటి ఉంటాయి. నేను "అమ్మా" అంటే పక్కనున్న మనవరాలు నవ్వి, "యాడీ అనండి, మా భాషలో అమ్మని అట్లనే పిలుస్తం" అన్నది. యాడీకి ఫొటో చూపించాను. రంగు గురించి అడగబోతుంటే ఆవిడ చూపు అక్కడ లేదు. తల దగ్గర వేలు పెట్టింది.

"ఘుగ్రీలున్నయి. పెండ్లయిన మనిషి." వేలు కిందికి జరిగింది. "బలియాలు మోచెయ్యి పైకి కూడ ఉన్నయి. మొగుడు బతికున్నడు."

ఘుగ్రీలంటే చెంపల పక్కన జడపాయలకి వేలాడే వెండి జుంకాలు. బలియాలంటే చేతినిండా తొడిగే తెల్ల గాజులు. నేను వాటిని 'తల ఆభరణం, రెండు' అనీ, 'తెల్ల గాజులు, కుడిచేతికి 14' అనీ రాసుకుని ఉన్నాను. లెక్క తప్పు కాదు. కానీ యాడీ చదివినట్టు నేను చదవలేదు. అట్ట వెనక పెన్సిలు పట్టుకున్నవాడూ చదవలేదు.

రంగు సంగతి చివరికి అడిగాను. ఆవిడ మనవరాలితో ఏదో చెప్పింది. మంచం కిందనుంచి ఇనప్పెట్టె లాగారు. అడుగున, కలరా ఉండల వాసనతో, ఒక కాంచళి ముందు ముక్క. యాడీ వాళ్ళ అమ్మది. ముదురు ఎరుపు గుడ్డ, దాని మీద రంపపు పళ్ళలా పసుపు ముక్క, అంచున తెల్లదారంతో గొలుసు కుట్టు, నాలుగు అద్దం బిళ్ళలు, ఊడిపోయిన అద్దాల గూళ్ళు ఇంకో ఆరు. అడిగి ఫోన్లో ఫొటో తీసుకున్నాను. అక్కడే నీలి పొర విడదీసి చూశా. ఎరుపూ పసుపూ కలిసిపోయి ఒకటే నలుపు. మధ్యలో వంకీల అతుకు.

వదిన ఏమీ అనలేదు. నా వైపు చూసింది, అంతే.

ముక్కుది బంగారమేనా అంటే యాడీ "మల్ల ఇత్తడి పెడ్తరా ముక్కుకు?" అని కసిరింది. నోట్సులో ఇత్తడి కొట్టేశాను.

సెప్టెంబరు 7

అద్దకం. ఈ భాగం గురించి ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే రెండు వారాలు తిన్నది.

మన కోస్తాలో ఎరుపుకి పేరుపడ్డది చిరివేరు. ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. ఇప్పుడు చాలినంత దొరకడం కష్టం. కాబట్టి మంజిష్ఠ. ఆయుర్వేద దుకాణంలో పొడి దొరుకుతుంది. గుడ్డ బరువు కిలో రెండొందల గ్రాములు, పొడి కిలో తీసుకున్నాను.

ముందు కోరాగుడ్డని సబ్బునీళ్ళలో ఉడికించి గంజి పూర్తిగా వదిలించాలి. తర్వాత కరక్కాయ పొడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఎండలో ఆరేయాలి. గుడ్డ గోధుమరంగుకి తిరుగుతుంది, అప్పుడు భయపడకూడదు. తర్వాత పటిక. గుడ్డ బరువులో ఏడో వంతు కన్నా కాస్త ఎక్కువే వేశాను, 180 గ్రాములు. రంగుకీ నూలుకీ ముడివేసేది పటికే. అది లేకుండా మంజిష్ఠ నీళ్ళలో ముంచితే రెండు ఉతుకుల్లో పోతుంది.

మొదటి 4 మీటర్లు పాడుచేశాను. పెద్ద గుండిగలో పెట్టి, ఫోను మోగితే లోపలికి వెళ్ళి వచ్చేసరికి తెర్లుతోంది. మంజిష్ఠ వేడెక్కినకొద్దీ గోధుమరంగు విడుస్తుంది. 70 డిగ్రీలు దాటనివ్వకూడదు. నాకు వచ్చింది ఇటుక రంగు కూడా కాదు, బెల్లం రంగు. రెండో 4 మీటర్లకి థర్మామీటరు పట్టుకుని గంటన్నర స్టూలు మీద కూర్చున్నాను. ఎరుపు వచ్చింది. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని రోజూ తిట్టుకుంటాం, ఆ నీళ్ళలోని సున్నమే ఈ ఎరుపుకి మేలు చేస్తుంది. పాడైన 4 మీటర్ల బదులు ఇంకో 4 మీటర్లు ఆ మర్నాడు ముంచాం.

ఇంత చేశాక ఒక ఒప్పుకోలు. ఫొటో కాలానికి ఆమె కట్టుకున్న ఎరుపు వేరు నుంచి వచ్చినదే అయి ఉండనక్కరలేదు. 1869లో జర్మనీలో, ఇంగ్లండులో కృత్రిమ అలిజరిన్ తయారీకి పేటెంట్లు తీసుకున్నారు. మంజిష్ఠ జాతి వేర్లలోని ఎరుపే అది, కానీ తారు నుంచి తీసింది. కొన్నేళ్ళలోనే వేరు కన్నా చౌక అయిపోయింది. స్కాట్లండులో గ్లాస్గో దగ్గరి లోయలో 'టర్కీ ఎరుపు' అనే వెలవని ముదురు ఎరుపు గుడ్డ అద్ది మన దేశానికి ఓడలకొద్దీ పంపేవారు. మనం 'సాంప్రదాయ దుస్తులు' అని అద్దాల పెట్టెలో పెట్టే ఎరుపు సంత నుంచి వచ్చిన మిల్లు గుడ్డ కావచ్చు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్ళు, దండు ఎటు కదిలితే అటు గింజలు చేర్చినవాళ్ళు లంబాడీలు. సంతలో కొత్తగా ఏది దిగినా మనకన్నా ముందు వాళ్ళకే తెలిసి ఉంటుంది. వదిన అయితే, "మరి ఈ గుండిగ ఎందుకు మసి చేసినట్టు?" అన్నది. వచ్చింది కాబట్టి చేశాను. ప్రదర్శన కార్డు మీద మాత్రం రెండు సంగతులూ రాస్తాను.

సెప్టెంబరు 14

గుడ్డ కొయ్యాలంటే కొలతలు కావాలి. ఫొటోలో స్కేలు లేదు. కానీ మెడలో నాణేల దండ ఉంది. నాణెం కొలత ఎక్కడైనా ఒకటే కదా. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే తులం. అడ్డకొలత దాదాపు 30.5 మిల్లీమీటర్లు. దండలో నిండుగా కెమెరా వైపు తిరిగిన నాణెం ఒకటుంది. పక్కకి వాలిన నాణెం కోడిగుడ్డులా కనపడుతుంది, అలాంటప్పుడు పొడుగు వైపు కొలవాలి. స్కాన్‌లో ఈ నాణెం 83 పిక్సెళ్ళు వచ్చింది.

ఆ లెక్కన గడ్డం నుంచి నడినెత్తి దాకా ఆమె తల కొలిచాను. 27 సెంటీమీటర్లు! గుర్రానికి తప్ప మనిషికి ఉండదు. మనుషులకి 21, 22 ఉంటుంది. రెండుసార్లు కొలిచాను, అంతే వచ్చింది. సాయంత్రం దాకా తలపట్టుకుని, స్కాన్ పాడైందనుకుని, పంపినాయనకి ఫోను చేయబోయి ఆగాను. అది రూపాయే అని ఎవరన్నారు? నేనే అనుకున్నాను. అర్ధరూపాయి అడ్డకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. మళ్ళీ లెక్కేస్తే తల 21 సెంటీమీటర్ల పైచిలుకు, మనిషి ఎత్తు 150. సరిగ్గా కూర్చుంది.

ఇక అన్నీ చకచకా వచ్చేశాయి. ఫేటియా కింది అంచు పట్టీ 12 సెంటీమీటర్లు. గాజు మందం 8 మిల్లీమీటర్లు. ఎదురుగా కనపడే కుచ్చిళ్ళు 23.

సెప్టెంబరు 17

నిన్న రాత్రి నిద్ర చాలలేదు. అదే నాణేన్ని చూస్తూ ఇంకోటి పట్టుకున్నాను.

నాణెం మీద తల ఆకారం లీలగా కనపడుతోంది. తల మీద కిరీటం గుర్తుపట్టొచ్చు. ముఖం కుడి వైపు తిరిగి ఉంది. ఇక్కడే చిక్కు. విక్టోరియా రాణి నాణేల మీద కిరీటంతో ఎడమకి చూస్తుంది. ఐదో జార్జి కూడా కిరీటంతో ఎడమకే. ఈ ఇద్దరి మధ్య ఏలిన ఏడో ఎడ్వర్డు ఒక్కడే కుడికి చూస్తాడు, కానీ ఆయన వెండి నాణేల మీద కిరీటం ఉండదు, బోడితల. కిరీటంతో కుడికి చూసే తల ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు.

అంటే ఫొటోనే తిరగబడింది. గాజు ఫలకానికి ఒక వైపే పూత ఉంటుంది. ఏ వైపు కాగితానికి ఆనించాలో చూసుకోకుండా ప్రింటు వేస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఫలకం అంచున గీకిన నంబరు కనపడితే చాలు, అక్షరాలు తిరగబడి ఉన్నాయో లేదో చూసి చెప్పేయొచ్చు. ఈ ప్రింటుకి అంచులు కత్తిరించేశారు, ఆ సాయం లేదు. నాణెం నిలబెట్టింది.

దీనివల్ల పని ఎంత మారిందంటే, టుక్రి చెంగు నడుములో దోపిన వైపు మారింది. ముక్కు నగ వైపు మారింది. 14 గాజులున్న చెయ్యి కుడిది కాదు, ఎడమది. యాడీ వాళ్ళ మనవరాలికి ఫోను చేసి తిప్పిన ఫొటో పంపాను. కాసేపటికి యాడీ గొంతు వినపడింది. "ఇప్పుడు సక్కగున్నది. మొన్న నాకేందో ఎడ్డెమనిపిచ్చింది గని, నీకేం చెప్పాలె అనుకున్న." ఇలాంటివి వెంటనే చెప్పమని బతిమాలాను.

సెప్టెంబరు 28

బలియాలు. పాతరోజుల్లో స్తోమత ఉన్నవాళ్ళకి దంతం, లేనివాళ్ళకి ఎముక, కొమ్ము. ఇప్పుడు ప్లాస్టిక్. దంతం వ్యాపారాన్ని మన దేశంలో 1986లో మన ఏనుగుల దంతానికీ, 1991లో ఆఫ్రికా ఏనుగుల దంతానికీ చట్టం పూర్తిగా నిషేధించింది. మంచి పని.

నేను నీళ్ళ పైపు వాడాను. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపుని ఆక్సా బ్లేడుతో 8 మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, అంచులు గరుకుకాగితంతో గుండ్రం చేస్తే 2.4 సైజు గాజుకి దగ్గరగా వస్తుంది. మోచేతి పైన వేసేవాటికి 75 పైపు. రెండు చేతులకీ కలిపి 27 కోశాను. తెలుపు మరీ పాలతెలుపుగా ఉంది. నీలి పొరలో చూస్తే ఫొటోలోని గాజుల కన్నా వెలుగ్గా ఉన్నాయి. దంతం పాతబడినకొద్దీ పసుపు తిరుగుతుంది కదా. పల్చని పసుపుపచ్చ వార్నిషు ఒక పూత వేస్తే దిగింది.

అక్టోబరు 5

ఫొటోలో ఆమె చేతుల మీద గానీ గడ్డం మీద గానీ పచ్చబొట్టు ఒక్కటీ లేదు. లంబాడీ ఆడవాళ్ళలో పచ్చబొట్టు లేని పాతతరం మనిషిని నేను చూడలేదు. యాడీకి ముంజేయి నిండా ఉన్నాయి. ఆవిడ ఒప్పుకుంటే తీసుకున్న ఫొటోని నీలి పొరలో పెట్టి చూశాను. సగానికి పైగా మాయం! పచ్చబొట్టు ఆకుపచ్చ కలిసిన నీలం. నీలం ఈ ఫలకాలకి తెలుపుకి దగ్గర. చర్మం నల్లగా దిగి, పచ్చబొట్టు వెలిసి, రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. న్యూజీలాండులో మావోరీల ముఖాల మీది మోకో పచ్చబొట్లు కూడా పాత తడి ఫలకాల్లో ఇలాగే చెరిగిపోయాయి. కొన్నిచోట్ల ఫొటోగ్రాఫర్లే కుంచెతో మళ్ళీ దిద్దేవారు. ప్రదర్శనలో బొమ్మ చేతికి పచ్చబొట్లు దిద్దాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తోంది. నేను దిద్దాలనే అంటున్నాను.

ఈ పరంపరలో అసలు ఎవరు, ఎందుకు తీశారీ ఫొటోలు అని లైబ్రరీలో పిల్లలు తప్పకుండా అడుగుతారు. అందుకని ఒక కార్డు రాసి పెట్టుకున్నాను. 1868 నుంచి 1875 దాకా ప్రభుత్వమే 8 సంపుటాలు అచ్చువేయించింది. అందులో ఈ దేశపు జాతులూ కులాలూ అంటూ 468 ఫొటోలు అతికించారు. 1857 తిరుగుబాటు తర్వాత ఎవరు ఎవరో తెలుసుకోవాలన్న ఆత్రం అది. మద్రాసులో మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కాలిపర్లు పట్టుకుని మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు. కె. రంగాచారి సాయంతో 1909లో 7 సంపుటాలు తెచ్చాడు. కొన్ని జాతుల్ని మొత్తంగా నేరస్థులని ముద్రవేసే నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు రాజ్యానికీ పాకింది. లంబాడీలూ దాని కింద పడ్డారు. అలాంటి రోజుల్లో ఒక మనిషి పేరు అడగకుండా కులం పేరు రాసిపెట్టుకోవడం ఆశ్చర్యం కాదు. అదే సమయంలో సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియోకి జమీందారులూ నవాబులూ తమ పేరుతో, తమ ఖర్చుతో, తమకి నచ్చిన నగ పెట్టుకుని వెళ్ళి ఫొటో దిగేవారు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ఆయనదే హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో కూడా నడిచింది. ఫలకం అదే, రసాయనం అదే. కార్డు ఇంతకన్నా పొడుగు పెంచకూడదని వదిన ఆజ్ఞ.

అక్టోబరు 26

కాంచళి. అతి నెమ్మదిగా సాగుతోంది. అద్దం బిళ్ళ చుట్టూ ముందు అడ్డంగా, నిలువుగా నాలుగు దారాలు వేసి బిగించి, ఆ చట్రం మీద కాజా కుట్టు తిప్పాలి. ఒక్కోదానికి నాకు 20 నిమిషాలు, వదినకి 8. మొత్తం 46 అద్దాలు. మొదట 61 అనుకున్నాను. ఫొటోలో తెల్ల చుక్కలన్నీ అద్దాలు కావు. బాగా పెద్దది చేసి చూస్తే కొన్నింటి మధ్య సన్నని నల్ల గీత ఉంది. అవి గవ్వలు. అద్దమైతే వెలుగు పగిలి అంచు తెలియకుండా ఉంటుంది.

ఘుగ్రీలు ఫొటోలో కొద్దిగా చెదిరినట్టున్నాయి. ఆ రోజుల్లో ఫొటోకి కొన్ని క్షణాలు కదలకుండా నిలబడాలి. ఆమె నిలబడింది. చెంపల పక్క వేలాడేవి మాత్రం నిలబడలేదు. ఊపిరికి ఊగి ఉంటాయి. గంటలు ఎన్నో లెక్క దొరక్క, యాడీ వాళ్ళవి చూసి చేయిస్తున్నాను. వెండి కాదు, జర్మన్ సిల్వర్. జత 1,400 అడిగాడు, 1,100కి ఒప్పుకున్నాడు.

నవంబరు 9

ఇవాళ తొడిగి చూశాం. యాడీ మనవరాలే వేసుకుంటానన్నది. ఎత్తు కూడా దాదాపు అంతే. ఫేటియా ఒక్కటే 2 కిలోల 100 గ్రాములు తూగింది. గవ్వలు, అద్దాలు, అంచు పట్టీ కలిసి. కట్టుకున్నాక ఆ అమ్మాయి నడక మారిపోయింది, అడుగు నిదానించి నడుము నిటారైంది. ఫొటోలో ఆమె అలా నిలబడడం ఫొటోగ్రాఫరు చెప్పింది అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ బరువుకి ఇంకోలా నిలబడడం కుదరదు.

టుక్రి చెంగు సరైన వైపే దోపాం. యాడీ కుర్చీలోంచి లేచి వచ్చి, ఒక ఘుగ్రీ కాస్త ముందుకి జరిపి, బలియాల్లో రెండు కిందా పైనా మార్చి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంది. మార్చిన గాజులు ఏవో ఫొటో తీసుకున్నాను, బొమ్మకి అలాగే పెట్టాలి.

చివరి పరీక్ష మిగిలింది. గోడకి దుప్పటి కట్టి, అదే భంగిమలో నిలబెట్టి ఫొటో తీశాను. నీలి పొర విడదీసి, పాత ఫొటో పక్కన పెట్టాను. ఫేటియా ముదురు నలుపు. వంకీల అతుకు. కంటె తెలుపు. ముక్కుపుడక నల్ల చుక్క. ఎడమ భుజం దగ్గర కాంచళి ముక్క ఒకటి పాతదాంట్లో కాస్త లేతగా ఉంది, అక్కడ ఎరుపు తీసేసి నీలం వేసి చూడాలి. మిగతాదంతా దగ్గరగా వచ్చింది. సంతోషం పట్టలేక ఫోను తీసుకెళ్ళి యాడీకి చూపించాను.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, ఫోనుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"గింత ఎర్రగ కుట్టి, మల్ల నల్లగ చేసినవేంది బిడ్డా?"